సోల్డరింగ్ బిట్టు: కుంపటి నుంచి కార్ట్రిడ్జి దాకా

సోల్డరింగ్ ఐరన్‌లో అతుకును తాకేది కొసన ఉండే బిట్టు ఒక్కటే. పిడి, వైరు, లోపలి హీటరు, పక్కనుండే స్టేషను అన్నీ ఆ బిట్టుకు వేడి అందించడానికే ఉన్నాయి. బిట్టు మూడు పనులు చేయాలి. వేడిని తనలో నిల్వ ఉంచుకోవాలి. అతుకుకు తగిలిన వెంటనే ఆ వేడిని అందులోకి దించాలి. కరిగిన సోల్డర్ రోజంతా అంటిపెట్టుకుని ఉన్నా అరిగిపోకుండా నిలవాలి. ఈ మూడూ ఒకచోట కుదరడం కష్టం. లావు బిట్టు వేడిని బాగా నిలుపుతుంది గాని సన్నని సందుల్లో దూరదు. వేడిని చురుగ్గా పారించే రాగి సోల్డర్‌లో త్వరగా కరిగిపోతుంది. అరుగుదలకు ఆగే ఇనుము వేడిని అంత బాగా పారించదు. ఏ కాలంలో ఏ వస్తువును అతకాల్సి వచ్చిందో దాన్నిబట్టి ఈ మూడింటిలో ఒకదానికి పెద్దపీట దక్కుతూ వచ్చింది. ఆ మార్పుల వెనక కారణాలు తెలిస్తే ఈనాడు ఏ పనికి ఏ బిట్టు తీసుకోవాలో దానంతటదే తేలుతుంది.

కుంపటి కాలం

సీసం, తగరం కలిపిన సోల్డర్ చాలా పాతది. తగరం ఒక్కటే అయితే 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర, సీసం ఒక్కటే అయితే 327 డిగ్రీల దగ్గర కరుగుతాయి. రెండూ కలిస్తే కరిగే వేడి ఇంకా కిందికి దిగుతుంది. తగరం 63 పాళ్లు, సీసం 37 పాళ్లు కలిపితే 183 డిగ్రీలకే కరుగుతుంది. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ, రెండు పాళ్ల సీసానికి ఒక పాలు తగరం కలిపి దాంతో నీటి గొట్టాలు అతికేవారని రాశాడు. 12వ శతాబ్దంలో థియోఫిలస్ అనే పేరుతో చేతివృత్తుల గురించి గ్రంథం రాసిన ఐరోపా సన్యాసి, చర్చి కిటికీల గాజు ముక్కలను పట్టి ఉంచే సీసపు పట్టీలను అతికే తీరు వివరించాడు. ఆయన చెప్పిన పనిముట్టు ఇనుపది. పొడుగాటి కడ్డీకి చివర లావు ఉంటుంది, ఆ లావు కొస సన్నగా సాగి ఉంటుంది, ఆ కొసను ఆకురాయితో రాసి తగరం పూస్తారు. తగరం పట్టని మొనకు సోల్డర్ అంటదన్న సంగతి ఆనాటికే పనివాళ్లకు తెలుసునన్నమాట.

తర్వాతి కాలంలో ఇనుప మొన స్థానంలోకి రాగి దిమ్మ వచ్చింది. రాగి వేడిని ఇనుము కన్నా దాదాపు అయిదు రెట్లు బాగా పారిస్తుంది. తగరం కూడా దానికి ఇట్టే పడుతుంది. ఇనుప కడ్డీ చివర రాగి దిమ్మ బిగించి, కడ్డీకి రెండో కొసన కర్రపిడి తొడిగితే పనిముట్టు సిద్ధం. దాన్ని బొగ్గుల కుంపట్లోనో కొలిమిలోనో కాల్చి, చల్లారేలోపు పని కానివ్వాలి. అందుకే ఇవి జతలుగా అమ్ముడయ్యేవి. ఒకటి చేతిలో ఉంటే రెండోది నిప్పుల్లో ఉండేది. సైజును కూడా బరువును బట్టే చెప్పేవారు, ఎందుకంటే రాగి ఎంత బరువుంటే వేడి అంతసేపు నిలుస్తుంది.

తగరపు రేకు పని పెరిగేకొద్దీ ఆకారాలు వేరుపడ్డాయి. 1810లో ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్ లోహపు డబ్బాల్లో ఆహారం నిల్వచేసే పద్ధతికి పేటెంటు పొందాక, డబ్బాల అంచులు చేత్తో అతికే పని పెద్ద ఉపాధిగా మారింది. నాలుగు పలకలుగా దిగి కొసన కూచిగా ముగిసే బిట్టు మామూలు అతుకులకు పనికొచ్చేది. గొడ్డలి ఆకారంలో అడ్డంగా అంచున్న బిట్టును పొడుగాటి కుట్ల వెంట లాగేవారు. చదునైన మొన ఉన్న బిట్టు బకెట్ల, డబ్బాల అడుగు అంచు చుట్టూ లోపలి మూలల్లో ఆనేది. ఈనాటి కూచి మొన, కత్తి మొన, ఉలి మొనల పూర్వరూపాలు ఇవే.

తెలుగునాట లోహం అతికే పనులన్నీ బిట్టుతో జరిగినవి కావు. కంసాలి వెలిగారం వేసి ఊదుగొట్టంతో మంటను నగ మీదికి ఊదుతాడు. కరీంనగర్ వెండి తీగ పనిలోనూ సన్నని తీగలను అతికేది మంటే. వెండి, బంగారం అతుకుడు లోహాలు కరిగే వేడి బిట్టు అందించగలిగిన దానికన్నా చాలా ఎక్కువ. ఇత్తడి, రాగి పాత్రలకు కళాయి వేసేవారు పాత్రనే నిప్పుల మీద కాల్చి, నవసాగరం చల్లి, కరిగిన తగరాన్ని గుడ్డతో లోపలంతా రాస్తారు. బిట్టు అవసరం పడింది రేకుల పనిలో. గరాటాలు, కొలతడబ్బాలు, కిరసనాయిలు బుడ్లు కాల్చిన రాగి దిమ్మతోనే తయారయ్యాయి.

రాగి దిమ్మను పనికి సిద్ధం చేసే తీరు అన్ని దేశాల్లోనూ ఒకటే. మొనను కాల్చి, ఇంకా వేడిగా ఉండగానే ఆకురాయితో నాలుగు ముఖాలూ రాస్తారు. నల్లటి పొర పోయి ఎర్రటి రాగి మెరుస్తుంది. గాలి తగిలి మళ్లీ నల్లబడేలోపు దాన్ని నవసాగరం గడ్డ మీద రుద్దుతారు. తెల్లటి పొగ లేచి, మిగిలిన మసి కూడా ఊడుతుంది. వెంటనే సోల్డర్ ముట్టిస్తే ముఖమంతా వెండిరంగు పొర పరుచుకుంటుంది. ఈ పొర ఉన్నంతసేపే వేడి బిట్టు నుంచి అతుకులోకి దిగుతుంది. పొర కాలి నల్లబడిందంటే, ఎంత వేడి ఉన్నా సోల్డర్ గుండ్లుగా జారిపోతుంది.

తీగల కాలం

1839లో ఓషానెస్సీ అనే ఐరిష్ వైద్యుడు కలకత్తా దగ్గర ప్రయోగాత్మకంగా టెలిగ్రాఫ్ తీగ లాగాడు. 1851లో కలకత్తా, డైమండ్ హార్బర్ మధ్య లైను పనిచేయసాగింది. 1850ల మధ్యకల్లా కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు తీగలతో కలిశాయి. టెలిగ్రాఫ్ రాకతో అతుకు పని స్వభావమే మారింది. డబ్బా అతుకు నీళ్లు కారకపోతే చాలు. తీగ అతుకు ఏళ్ల తరబడి కరెంటును అడ్డులేకుండా పోనివ్వాలి, గాలికి ఊగినా తెగకూడదు. బ్రిటానియా జాయింటు అనే పద్ధతిలో రెండు తీగల కొసలను పక్కపక్కన ఆనించి, సన్నని తీగతో దగ్గరగా చుట్టి, ఆ చుట్ల నిండా సోల్డర్ పారించేవారు. లావు తీగ వేడిని రెండు వైపులకూ లాగేస్తుంది. స్తంభం దగ్గర నిలబడి ఈ పని చేసేవారికి బరువైన రాగి బిట్టు తప్ప మరోటి పనికిరాలేదు.

రేకుల పనిలో లోహపు ముఖాన్ని శుభ్రం చేయడానికి వాడే ఆమ్లపు ఫ్లక్స్ తీగల మీద మిగిలితే రాగిని తినేస్తుంది, కాబట్టి విద్యుత్ పనికి పైన్ చెట్టు జిగురు నుంచి తీసే రోజిన్ ఫ్లక్స్ స్థిరపడింది. రోజిన్ శక్తి తక్కువ. బాగా నల్లబడిన బిట్టును అది శుభ్రం చేయలేదు, మరీ వేడైతే తనే కాలి మసవుతుంది. దాంతో బిట్టు వేడి హద్దులో ఉండడం, మొన ఎప్పుడూ తగరం పట్టి ఉండడం రేకుల పనికన్నా ఎక్కువ అవసరమయ్యాయి.

కరెంటుతో వేడి

కుంపట్లో కాల్చిన బిట్టు తీసిన క్షణం నుంచి చల్లారుతూనే ఉంటుంది. కరెంటుతో లోపలి నుంచే వేడిచేస్తే ఆ ఇబ్బంది తీరుతుంది. 19వ శతాబ్దపు చివరి దశాబ్దంలో అమెరికాలో డెట్రాయిట్ నగరపు అమెరికన్ ఎలక్ట్రికల్ హీటర్ కంపెనీ వంటివి ఇలాంటి ఐరన్లు చేయడం మొదలుపెట్టాయి. 1906లో ఆల్బర్ట్ మార్ష్ నైక్రోమ్ లోహానికి పేటెంటు పొందాక, ఎర్రగా కాలినా తెగని హీటరు తీగ చేతికందింది. 1921లో జర్మనీలో ఎర్నస్ట్ సాక్స్ విద్యుత్ సోల్డరింగ్ ఐరన్ల తయారీ ప్రారంభించాడు. ఆయన పేరులోని అక్షరాలతోనే ఎర్సా కంపెనీ నిలబడింది.

ఈ ఐరన్లలో రాగి కడ్డీ హీటరు గొట్టంలో దూరి ఉంటుంది, పక్కన ఒక స్క్రూ దాన్ని పట్టి ఉంచుతుంది. ఉష్ణోగ్రతకు నియంత్రణ లేదు. పనివాళ్లు బిట్టును గొట్టంలోంచి కాస్త బయటికి లాగి వేడి తగ్గించుకునేవారు, లోపలికి తోసి పెంచుకునేవారు. అప్పుడప్పుడు బిట్టును పూర్తిగా తీసి పొరలు దులపకపోతే గొట్టంలోనే బిగుసుకుపోయేది. 1920లలో రేడియోలు ఇళ్లకు చేరాక ఈ ఐరన్ల వాడకం విస్తరించింది. ఆనాటి రేడియో చాసిస్ ఇనుప రేకుది, భాగాల కాళ్లు లావైనవి, తీగలను ట్యాగుల చుట్టూ తిప్పి అతికేవారు. ఈ పనికి వెడల్పాటి ఉలి మొన, పుష్కలమైన వేడి కావాలి.

రేడియో మరమ్మతు చేసేవారికి ఇంకో చిక్కు ఉండేది. రెండు నిమిషాల పనికోసం ఐరన్ వేడెక్కేదాకా కాచుకుని కూర్చోవాలి. అమెరికాలో రేడియో మరమ్మతు చేసే కార్ల్ వెల్లర్ దీనికి పరిష్కారంగా సోల్డరింగ్ గన్ రూపొందించి, 1941లో పేటెంటుకు దరఖాస్తు చేసి 1946లో పొందాడు. గన్ లోపల ఉండేది ట్రాన్స్‌ఫార్మరు. దాని రెండో చుట్టకు దాదాపు ఒకే చుట్టు ఉంటుంది, ఆ చుట్టు కొసల మధ్య బిగించిన రాగి తీగే బిట్టు. ట్రిగ్గరు నొక్కితే చాలా తక్కువ వోల్టేజీతో పెద్ద కరెంటు ఆ తీగ గుండా పారి దాన్ని కొన్ని సెకన్లలో వేడెక్కిస్తుంది. లావు తీగలకు, చాసిస్ ఎర్త్ అతుకులకు ఇది బాగా అక్కరకొచ్చింది. తర్వాత వచ్చిన సున్నితమైన బోర్డులకు మాత్రం దీని వేడి మితిమీరుతుంది.

రాగిని తినే తగరం

కరెంటు వచ్చాక బిట్టు రోజంతా వేడిగా ఉండసాగింది. దాంతో రాగి అరుగుదల పెద్ద సమస్యగా మారింది. నిజానికి ఇది రాపిడి వల్ల కలిగే అరుగుదల కాదు. కరిగిన తగరం రాగిని తనలో కరిగించుకుంటుంది. మొన మీద ముందు చిన్న గుంట పడుతుంది, ఆ గుంట లోతై అంచు వంకర తిరుగుతుంది. ఆకురాయితో రాసి మళ్లీ సరిచేయాలి. రాసిన ప్రతిసారీ బిట్టు పొట్టిదవుతుంది.

బ్రిటన్‌లోని మల్టీకోర్ కంపెనీ దీనికి సోల్డర్‌లోనే మందు కనిపెట్టింది. సావ్‌బిట్ పేరుతో అమ్మిన ఆ సోల్డర్‌లో సుమారు 1.5 శాతం రాగి కలిపేవారు. అప్పటికే కొంత రాగి కరిగి ఉన్న సోల్డర్ బిట్టులోంచి కొత్త రాగిని తక్కువగా లాక్కుంటుంది.

ఎక్కువకాలం నిలిచిన పరిష్కారం బిట్టు మీద ఇనుప పూత. రెండో ప్రపంచయుద్ధం తర్వాతి దశాబ్దాల్లో ఇది పరిశ్రమ అంతటా వ్యాపించింది. ఇనుము సోల్డర్‌లో రాగికన్నా చాలా నెమ్మదిగా కరుగుతుంది. ఇప్పటి బిట్టును నిలువుగా కోసి చూస్తే మధ్యలో రాగి, దాని చుట్టూ విద్యుత్ పద్ధతిలో ఎక్కించిన ఇనుప పొర కనిపిస్తాయి. మొన వెనక భాగంలో ఇనుము మీద నికెల్, క్రోమియం పొరలు ఉంటాయి. క్రోమియానికి సోల్డర్ అంటదు కాబట్టి కరిగిన సోల్డర్ వెనక్కి పాకకుండా మొన దగ్గరే ఆగుతుంది. మొన మీద ఇనుముకు తగరం పూసి ఉంటుంది. వేడిని పారించడం రాగి వంతు, తగరాన్ని తట్టుకోవడం ఇనుము వంతు. పని ఇలా పంచుకోవడం వల్ల మొన ఆకారం నెలల తరబడి చెదరకుండా నిలిచింది. ఎన్నో రకాల కచ్చితమైన మొనలు తయారుచేసి అమ్మడం ఆ తర్వాతే సాధ్యమైంది.

బోర్డులు, హద్దులో ఉండే వేడి

1930లలో లండన్‌లో ఉంటూ పాల్ ఐస్లర్ రూపొందించిన ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు 1950లలో వాణిజ్య వస్తువుల్లోకి వచ్చింది. ఇనుప చాసిస్ స్థానంలో ఇప్పుడు జిగురుతో అంటించిన పలుచని రాగి ట్రాకులు. వేడి మించితే ట్రాకు లేచిపోతుంది, ట్రాన్సిస్టరు పాడవుతుంది. వేడి చాలకపోతే సోల్డర్ పైపైనే గడ్డకట్టి, మెకానిక్కులు డ్రై సోల్డర్ అనే లోపం మిగులుతుంది.

1960లలో వెల్లర్ కంపెనీ మాగ్నాస్టాట్ ఐరన్లు ఈ సమస్యను బిట్టులోనే పరిష్కరించాయి. బిట్టు వెనక కొసన ఒక చిన్న అయస్కాంత లోహపు బిళ్ల ఉంటుంది. పిడిలోని అయస్కాంతం ఆ బిళ్లకు అతుక్కున్నప్పుడు స్విచ్చి మూసుకుని హీటరు పనిచేస్తుంది. ప్రతి అయస్కాంత లోహానికీ ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రత ఉంది, దాన్ని దాటితే ఆకర్షణ పోతుంది. బిళ్ల ఆ వేడికి చేరగానే అయస్కాంతం విడివడి స్విచ్చి తెరుచుకుంటుంది. కాస్త చల్లారగానే మళ్లీ అతుక్కుంటుంది. బిళ్ల మీద 6, 7, 8 అంకెలు ముద్రించి ఉంటాయి. అవి 600, 700, 800 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే సుమారు 315, 370, 425 డిగ్రీల సెల్సియస్‌కు గుర్తులు. బిట్టు మారిస్తే ఆకారంతోపాటు ఉష్ణోగ్రత కూడా మారుతుంది.

మన దేశంలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ ఎదిగిన చోట్లలో హైదరాబాద్ ముఖ్యమైనది. 1967లో అణుశక్తి విభాగం కింద డాక్టర్ అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) ఏర్పడింది. అణు పరికరాలు, కంప్యూటర్లు, టీవీలు అక్కడ తయారయ్యాయి. 1982లో రంగుల టీవీ వచ్చాక ఊరూరా టీవీ మెకానిక్కుల షాపులు వెలిశాయి. ఆ షాపుల్లో, కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా కనిపించింది సోల్డ్రాన్ వంటి 25 వాట్ల ఐరన్. దానికి నేరుగా ఇంటి కరెంటే, రెగ్యులేటరు ఉండదు, బిట్టు మార్చుకోవచ్చు. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ ఇప్పటికీ ఇలాంటి ఐరన్లకు, బిట్టులకు, విడిభాగాలకు పేరున్న బజారు.

చిన్న భాగాలు, కార్ట్రిడ్జి బిట్టులు

1980లలో భాగాల కాళ్లు బోర్డు రంధ్రాల్లో దూరడం మాని ఉపరితలం మీదే కూర్చోవడం మొదలైంది. ఐసీ (ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్) కాళ్ల మధ్య దూరం తగ్గుతూ అర మిల్లీమీటరుకు వచ్చింది. ఒక్కో కాలును విడిగా తాకడం కష్టమైంది. దీనికి పనివాళ్లు కనుక్కున్న మార్గం కాళ్ల వరుస మీద ఫ్లక్స్ పూసి, సోల్డర్ నింపిన మొనను వరుస వెంట నెమ్మదిగా లాగడం. ఏటవాలుగా కోసిన బిట్టు ముఖం మీద సోల్డర్ బొట్టు నిలుస్తుంది. ప్రతి కాలూ తనకు కావలసినంత తీసుకుంటుంది, మిగిలింది బిట్టుతోనే ముందుకు సాగుతుంది. కొన్ని బిట్టుల ముఖానికి ఈ బొట్టు నిలవడానికే చిన్న గుంట పెడతారు. వెనకటి రేకుల పనిలో గొడ్డలి బిట్టును కుట్టు వెంట లాగిన పద్ధతే ఇక్కడ సన్నని కొలతలో తిరిగొచ్చింది.

వేడి అందించే తీరూ మారింది. జపాన్‌లో 1952లో మొదలైన హాకో కంపెనీ 936 స్టేషను ప్రపంచమంతా ప్రాచుర్యం పొందింది. అందులో బోలుగా ఉండే బిట్టును పింగాణీ హీటరు మీద తొడుగుతారు. బిట్టు చవక, మార్చడం తేలిక. కానీ హీటరుకూ బిట్టుకూ మధ్య మిగిలే సన్నని గాలి సందు వేడిని ఆలస్యం చేస్తుంది. 1982లో కాలిఫోర్నియాలో మొదలైన మెట్‌కాల్ కంపెనీ హీటరును బిట్టులోకే చేర్చి ఒకే కార్ట్రిడ్జిగా మార్చింది. దాని కార్ట్రిడ్జిలో 13.56 మెగాహెర్ట్జ్ కరెంటు అయస్కాంత లోహపు పొరను వేడిచేస్తుంది, నిర్ణీత వేడి దగ్గర ఆ పొర వేడెక్కడం దానంతటదే తగ్గుతుంది. హాకో టీ12, స్పెయిన్‌లోని జేబీసీ కంపెనీ సీ245 రకాల్లో హీటరు, ఉష్ణోగ్రత కొలిచే సెన్సరు, మొన ఒకే ముక్కగా ఉంటాయి. అతుకు వేడిని లాగిన మరుక్షణమే హీటరుకు తెలుస్తుంది. అందుకే చిన్న మొనతో కూడా పెద్ద అతుకు పెట్టడం కుదిరింది. హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ వంటి చోట్ల ఫోన్ల మరమ్మతు ఇలాంటి సన్నని పనిముట్ల మీదే ఆధారపడుతుంది.

2006 జూలై 1 నుంచి యూరోపియన్ యూనియన్ ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం వాడకాన్ని కట్టడి చేసింది. భారతదేశంలో 2011లో ప్రకటించిన ఇ-వ్యర్థాల నిబంధనలు 2012 మే 1న అమల్లోకి వచ్చాయి. వాటిలోనూ సీసానికి పరిమితి పెట్టారు. సీసం స్థానంలో ఎక్కువగా వాడే మిశ్రమంలో తగరం 96.5, వెండి 3, రాగి 0.5 శాతం. అది 217 డిగ్రీల దాకా కరగడం మొదలుపెట్టదు. తగరం పాలు పెరిగింది, పనిచేసే వేడీ పెరిగింది కాబట్టి బిట్టు మీది ఇనుప పొర ముందుకన్నా త్వరగా కరగసాగింది. రాగి బిట్టుల కాలంలో పీడించిన సమస్యే ఇనుము మీద మళ్లీ తలెత్తింది. వేడిని అవసరమైనంత వరకే ఉంచడం ఇప్పుడు బిట్టు ఆయుష్షుకు కీలకం.

ఏ పనికి ఏ బిట్టు

వేడి బిట్టు నుంచి అతుకులోకి ఎంత త్వరగా దిగుతుందన్నది రెండూ తాకే వైశాల్యం మీద ఆధారపడుతుంది. సన్నని సూది మొన దాదాపు ఒక చుక్క దగ్గరే తాకుతుంది. దాని వెనక ఎంత వేడి ఉన్నా అతుకులోకి చాలినంత దిగదు. కొత్తగా పని నేర్చేవారు చిన్న భాగాలకు సూది మొనే సరైనదనుకుని, పని కాకపోయేసరికి వేడి పెంచి, బోర్డునూ బిట్టునూ పాడుచేస్తారు. సందు ఇరుకై వేరే మొన దూరని చోటికే సూది మొనను ఉంచుకోవాలి.

మామూలు బోర్డు పనికి, రెసిస్టర్లు, కెపాసిటర్లు, కనెక్టర్ల కాళ్లకు 1.6 నుంచి 2.4 మిల్లీమీటర్ల ఉలి మొన సరిపోతుంది. మొన వెడల్పు బోర్డు మీది రాగి ప్యాడ్ వెడల్పుకు సమానంగానో కాస్త తక్కువగానో ఉండాలి. మొన చదును ముఖం ప్యాడ్‌నూ కాలునూ ఒకేసారి తాకాలి. ఒకే బిట్టు కొనగలిగినవారు 2.4 మిల్లీమీటర్ల ఉలి మొన తీసుకుంటే చాలా పనులు జరిగిపోతాయి.

బోర్డు మీద వెడల్పాటి ఎర్త్ రాగికి అతికిన కాళ్లు వేడిని పీల్చేస్తాయి. అక్కడ ఉష్ణోగ్రత పెంచేముందు వెడల్పైన, పొట్టి బిట్టు మార్చి చూడాలి. బ్యాటరీ కనెక్టర్లు, వాహనాల వైరింగు, ఇన్వర్టర్ లగ్గులు, స్పీకరు వైర్ల వంటి లావు పనులకు 4 నుంచి 5 మిల్లీమీటర్ల ఉలి మొన, 60 వాట్లకు తగ్గని ఐరన్ కావాలి. చాలా మోటారు వైండింగు తీగలకు ముందుగా ఎనామిల్ పూత గీకకపోతే ఏ బిట్టుతోనూ సోల్డర్ పట్టదు.

ఉపరితలం మీద కూర్చునే చిన్న రెసిస్టర్లకు 1 నుంచి 1.2 మిల్లీమీటర్ల ఉలి మొన గాని, చిన్న ఏటవాలు మొన గాని నప్పుతుంది. ఐసీ కాళ్ల వరుసలకు 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఏటవాలు మొన మంచిది. కత్తి మొన అంచుతో కాళ్ల మధ్య అంటుకున్న సోల్డర్ తీయవచ్చు, ముఖంతో పెద్ద ప్యాడ్‌ను వేడిచేయవచ్చు. పక్కనున్న ఎత్తైన భాగాలను తప్పించుకుని లోపలికి చేరడానికి వంగిన మొన ఉపయోగపడుతుంది. హాకో తరహా బిట్టుల మీద డీ అక్షరం ఉలి మొనకు, సీ లేదా బీసీ ఏటవాలు మొనకు, కే కత్తి మొనకు, జే వంగిన మొనకు, బీ కూచి మొనకు గుర్తు. పక్కనున్న అంకె సైజు చెబుతుంది. డీ24 అంటే 2.4 మిల్లీమీటర్ల ఉలి మొన.

ఎంచుకున్న బిట్టును కాపాడుకునే నియమాలూ దాని నిర్మాణం నుంచే వస్తాయి. ఇనుప పూత బిట్టుకు ఆకురాయి తగిలించకూడదు. పూత ఒక్కచోట పోయినా లోపలి రాగి ఆ రంధ్రం గుండా కరిగిపోయి మొన బోలవుతుంది. మసిని ఇత్తడి పీచుతోనో తడి స్పాంజితోనో తుడవాలి. పని ముగిశాక మొనకు సోల్డర్ పట్టించి స్విచ్చి తీసేయాలి. ఆ పొర గాలి తగలకుండా ఇనుమును కాపాడుతుంది. ఎక్కువసేపు పని లేకుంటే వేడి తగ్గించాలి. మొన నల్లబడి సోల్డర్ అంటకపోతే టిప్ టిన్నర్ ముద్దలో ముంచి కొత్త సోల్డర్ పట్టించవచ్చు. పూత చిల్లుపడి రాగి బయటపడిన బిట్టును బాగుచేయడం కుదరదు, దాన్ని మార్చేయాలి.